శ్రీపాదరావు సారు బండి గేరు

చేసిన తప్పు కప్పిపుచ్చుకోవడానికి వచ్చిన మనిషి కాస్త తగ్గి మాట్లాడడం లోకరీతి. తారాబాయికి ఆ రీతి ఎవరూ నేర్పినట్టు లేదు.

వానలో తడుస్తూ, మోచేతుల దాకా బురదతో, రాజ్‌దూత్ బండిని తోసుకుంటూ వచ్చి మధుసూదనరావు మెకానిక్ షాపు ముందు నిలబెట్టింది.

“సాయంత్రం బస్సుకు మా నాయన మంత్రాలయం నుంచి వస్తాడు. అంతలోపల ఇది పడినట్టే కనపడకూడదు. చేతనవుతుందా, కాదా?”

మధు చేతిలోని పానా జారి కాలి మీద పడింది. నొప్పి కూడా తెలియలేదు పాపం.

“మీరు... శ్రీపాదరావు సారు కూతురు కదా?”

“అవును. మీరు మా నాయన వద్దన్న పెళ్ళికొడుకు కదా?”

అది నిజమే. పోయిన శ్రావణంలో మధు తల్లి రమాబాయి సంబంధం అడగడానికి పోయింది. శ్రీపాదరావు ఎమ్మిగనూరు హైస్కూల్లో సంస్కృత పండితుడు, సెలవు రోజుల్లో పెళ్ళిళ్ళు చేయించే పురోహితుడు. “పాలిటెక్నిక్ చదివి గ్రీసులో చేతులు పెడతాడా? ఆ చేతులకు నా బిడ్డనియ్యను” అని కాఫీ ఇచ్చి మరీ పంపేశాడు. ఆ నాటి నుంచి మధు రోజూ సాయంత్రం కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో ఒకసారి చేతులు తోముకుంటున్నాడు. తార మీద ఆశ మాత్రం ఏ సబ్బుకూ పోలేదు.

“ఎట్లా పడింది?” అన్నాడు బండి పక్కన కూర్చుంటూ.

“స్కూల్ గ్రౌండులో మలుపు తిప్పినా. బండి ఒక పక్కకు పోయింది, నేను ఇంకో పక్కకు పోయినా.”

“ఎవరు నేర్పుతాండారు మీకు?”

“ఎవరూ నేర్పడం లేదు. అందుకే పడింది.”

మధు నవ్వాపుకోలేకపోయాడు. తార నవ్వలేదు.

“నవ్వండి, నవ్వండి. మాధవరంలో నాకు టీచర్ ఉద్యోగమొచ్చింది. ఆ ఊరి బస్సు ఎప్పుడొస్తాదో డ్రైవరుకే తెలీదు. బండి నేర్చుకుంటానంటే, ఆడపిల్లకు బండేంది, ఉద్యోగమే మానుకో అంటాడు నాయన. ఈ సంగతి తెలిసిందంటే ఆ ఉద్యోగం కూడా పోతాది.”

ఎనభై రెండో సంవత్సరం అది. ఎమ్మిగనూరులో ఆడపిల్ల సైకిలెక్కితేనే నాలుగు అరుగుల మీద చర్చ జరిగే కాలం. మధు నవ్వు మానేశాడు.

ఎడమ పక్క ఫుట్‌రెస్టు వెనక్కి ఒరిగింది. గేరు రాడ్డు లోపలికి వంగి ఇంజనుకు అతుక్కుపోయింది.

“సుత్తితో రెండు దెబ్బలేయండి, వచ్చేస్తాది” అంది తార.

“ఊరికే కొడితే లోపలి షాఫ్టు వంగుతాది. అప్పుడు ఇంజనే విప్పాల.”

బోల్టు వదులు చేసి రాడ్డును బయటికి లాగాడు. బొగ్గుల్లో పెట్టి, కాల్చి, వైసు దవడల మధ్య బిగించి, పొడుగాటి పైపు తొడిగి మెల్లగా వంచసాగాడు. కొలిమి చక్రం తిప్పే పని తారకు పడింది.

“ఇంకొంచెం తిప్పు” అన్నాడు పనిలో పడి. మీరు కాస్తా నువ్వు అయిపోయింది. ఇద్దరూ గమనించారు, ఎవరూ దిద్దలేదు.

రాడ్డు కొన కూడా కిందికి వాలి ఉంది. అది కూడా పడినప్పుడే వాలిందనుకుని మధు దాన్ని సాపుగా లేపాడు. బిగించి, తుడిచి, “కొత్త బండి మాదిరుంది చూడు” అన్నాడు. తార కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు చూసి మధుకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

మరునాడు పొద్దున ఆ కొత్త బండిని శ్రీపాదరావే తోసుకొచ్చాడు. పట్టుపంచె, ఒట్టి కాళ్ళు, ముఖం మాత్రం మిరపకాయ. వెనక పెళ్ళి సామాను సంచితో తార.

“ఏమప్పా మెకానిక్కూ! నేను తోలు చెప్పులు తొడిగేవాణ్ణి కాను. ఒట్టికాలి వేలికి అందాలని ఈ రాడ్డు కొన కిందికి వంచించుకున్నా. అది రాత్రికి రాత్రి సక్కగా ఎట్లయింది? ఊర్లో కొలిమి ఉండే షాపు నీదొకటే కదా!”

మధు సరిచేసింది వంకరను కాదు, సారు కాలి అలవాటును!

“నేనే చేసినా సార్.”

“నా బండి నీ దగ్గరికి ఎట్లా వచ్చె?”

తార ముఖం తెల్లబోయింది. ఆమె ఉద్యోగం గుర్తుకొచ్చింది మధుకు.

“మీరు ఊర్లో లేరని... నేనే ఒక రౌండు తీసుకపోయినా. పడేసినా.”

“మా ఇంట్లోని బండినా? దొంగవా నువ్వు?”

“అబద్ధం నాయనా!” తార ముందుకొచ్చింది. “తీసింది నేను, పడేసింది నేను. ఆయన బాగుచేసినాడు, అంతే. నా ఉద్యోగం మాన్పిస్తే మాన్పించు, ఆయనను దొంగను చేయొద్దు.”

శ్రీపాదరావు కూతుర్ని చూశాడు, కుర్రాణ్ణి చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ ఇద్దరినీ చూశాడు.

“ముహూర్తం దాటితే పెళ్ళివాళ్ళు నన్ను తంతారు. ముందు దీన్ని నా కాలికి సరిచెయ్యి” అంటూ బండెక్కి కూర్చున్నాడు.

మధు నేల మీద కూర్చుని, కొలత కోసం ఆయన పాదాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. కాళ్ళు ముట్టినవాళ్ళందరినీ పెళ్ళిపందిట్లో దీవించీ దీవించీ అలవాటైన నోరు ఆయనది. ఆయన అడ్డం పడేలోపల అది తన పని కానిచ్చేసింది.

“శీఘ్రమేవ కల్యాణప్రాప్తిరస్తు!”

తార సంచి చాటున ముఖం దాచుకుంది.

“అలవాటులో వచ్చింది” అన్నాడు శ్రీపాదరావు, గొంతు సవరించుకుంటూ.

“అయితే వెనక్కి తీసుకోండి సార్” అన్నాడు మధు, తలెత్తకుండానే.

“ఆశీర్వాదం వెనక్కి తీసుకునేది యాడన్నా ఉంటాదా?” కసిరాడు పంతులు. పాదం మీద నల్లగా గ్రీసు వేళ్ళు అచ్చుపడ్డాయి. తార గుడ్డ తీసుకుని వంగబోతే, “ఉండనీలే, ఆడ పోయి కడుక్కుంటా” అన్నాడు.

రాడ్డు మళ్ళీ వంగింది. కిక్కు కొట్టి గేరు వేస్తే వేలికి హాయిగా అందింది. పంతులు రెండుసార్లు వేసి చూసుకుని తలాడించాడు.

“మీ యమ్మను శుక్రవారం రమ్మను. నిశ్చితార్థం కాంగానే నా బిడ్డకు బండి నేర్పు, మాధవరం పోయి రావాల కదా” అన్నాడు బండి కదిలిస్తూ. “నేర్పేది నీ బండి మీద, నాయనా. నా బండి మీద కాదు!”