చిక్కడపల్లి సగం విమానం

ఓ అన్నలు, ఓ అక్కలు, జర ఇటు దగ్గరికి జరుగుండ్రి. చాయ్ తాగేటోళ్లు సప్పుడు చెయ్యకుంట తాగుండ్రి. ఫోన్ల మాట్లాడేటోళ్లు గల్లీ అవుతలికి పోయి మాట్లాడుకోని రాండ్రి, అందాక ఆగుతం. ఆ ఎనుక ముచ్చట్లు బంద్ చేస్తె మొదలువెడ్త. ఇది విమానం కథ. ఆ విమానానికి రెక్కల్లేవు, తోక లేదు, అయినా ఒక పిలగాని గుండెకాయను మేఘాల మీదికి ఎత్తుకపోయింది.

చిక్కడపల్లిల బాలకిషన్‌కు సెట్టింగ్ సామాన్ల దుకాణం ఉన్నది. సినిమాలోళ్లకు, షార్ట్ ఫిలింలు తీసే పోరగాండ్లకు, పెండ్లికి ముందు ఫోటోలు దిగే జంటలకు ఏది కావాల్నంటె అది కిరాయికిస్తడు. పోలీస్ స్టేషన్ కటకటాలు, కోర్టు బోను, దవాఖాన మంచం, అన్నీ ఆ రేకుల షెడ్డుల ఒకదాని మీద ఒకటి పండుకోని ఉంటయి. అన్నిటికన్న ఎక్కువ గిరాకి సగం విమానానికి. నిలువునా కోసిన సొరకాయ లెక్క ఉంటది అది. కోసిన దిక్కుకెల్లి కెమెరా చూస్తది. దాన్ని చేసింది బాలకిషన్ కొడుకు అనుదీప్.

అనుదీప్ ఎన్నడు విమానం ఎక్కలే. శంషాబాద్ ఎయిర్‌పోర్టు దిక్కు తలకాయ పెట్టి గూడ పండుకోలే. అయినా విమానం సంగతి అంత తనకే ఎరుక అనుకునేటోడు, ఎందుకంటె సినిమాలు చూసిండు. క్రాస్‌రోడ్స్ టాకీసులల్ల ఏ సినిమాల విమానం కనవడ్డా, అదే సినిమాకు మళ్ల పోయి చూసి, ఇంటికొచ్చి ప్లైవుడ్ కోసేటోడు. ఇగ సినిమాలు తీసేటోళ్లు ఏం చేసేది? వచ్చి ఈ విమానం చూసి, ఓహో విమానం గిట్లుంటదని తీసుకపోయేది. ఆ సినిమా చూసి ఈయన మళ్ల ఇంకోటి అతికించేది. సినిమాను చూసి విమానం, విమానాన్ని చూసి సినిమా. నడుమల అసలు విమానం యాడ తప్పిపోయిందో ఎవ్వలకు ఎరుకలే.

ఒకనాడు పొద్దుగాల అనుదీప్ షెడ్డు ముంగట విమానం తలుపుకు రంగేస్తుంటె, ఎనుకకెల్లి ఎవరో కిసుక్కున నవ్విండ్రు. తిరిగి చూస్తె ఒకామె. చేతిసంచిల కొత్తిమీర కట్ట, తల మీద గాలికి ఒక్క ఎంటిక కదలని కొప్పు. అశోక్‌నగర్ జోగారావు గారి బిడ్డ సుహాసిని. వాళ్ల తాత గోదావరి దిక్కుకెల్లి నౌకరికి వచ్చి ఇక్కడనే ఉండిపోయిండు. మనుషులొచ్చిండ్రు గాని వాళ్ల మాట ఇంకా గోదావరి దాటలే.

ఆమె అనుదీప్‌ను నెత్తి కాంచి చెప్పుల దాంక ఒక్కపారి చూసింది. ఏం చూపు అది! బ్రష్‌కున్న రంగు బ్రష్‌కే ఆరిపోయింది. డబ్బల ఉన్న రంగు గూడ మీగడ కట్టింది.

"లోపల ఆ గడియ ఎందుకండీ?" అన్నది.

"తలుపు తెర్చుకోకుంట ఉండనీకి."

"విమానానికి బాత్రూం గడియ పెట్టినవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను."

అనుదీప్‌కు జర మండింది. ఆమె అంతటితోని ఊకోలే, లోపలికి పోయి ఒక్కొక్కటే చూపించింది. మీద సీలింగ్ ఫ్యాను. పక్కకు జరిపే అద్దాల కిటికీలు. సీట్లకు పాత కారుకెల్లి పీకిన, భుజం మీదికెల్లి వచ్చే బెల్టులు. పైలట్ రూముకు గులాబి పువ్వుల పరద. ఇంట్ల ఉన్నదే ఇదంత, కాకపోతె పొడుగ్గ ఉన్నది అన్నది.

"మీరు ఏ సినిమాల చూసిండ్రు?" అని అడిగిండు అనుదీప్, సవాల్ చేసినట్టు.

"నేను విమానంలో చూశానండీ."

అనుదీప్ బ్రష్ పక్కకు పెట్టిండు.

అసలు సంగతి ఏందంటె, సుహాసినికి విమానాల కంపెనీల ఎయిర్ హోస్టెస్ నౌకరి వచ్చింది, ట్రైనింగ్ నడుస్తున్నది. అన్నిట్ల ఫస్టే, ఒక్కదాంట్ల తప్ప. విమానానికి ఆపద వస్తె ప్రయాణికులను దించనీకి గట్టిగ అరవాలె. ఈమెకు అరుపు రాదు. జోగారావు గారింట్ల కుక్కర్ గూడ మెల్లగ విజిల్ వేస్తది, అంత మర్యాద. ఇంట్ల ప్లాస్టిక్ కుర్చీలు వరుసగ వేసి ప్రాక్టీస్ చేస్తె, మొదటి కుర్చీల నాయనమ్మ కూసోని ఎంత ఆపదొచ్చినా లేవకపాయె. చివరి పరీక్షల గొంతు లేవకుంటె నౌకరి పోతది. అందుకని బేరం కుదిరింది. అనుదీప్ ప్రయాణికుడై సీట్ల కూసోవాలె, ఆమె అరుపు నేర్చుకోవాలె, దానికి బదులు ఆమె విమానాన్ని దిద్దిపెట్టాలె.

ఇగ దినాం సాయంత్రం ఆమె వచ్చేది, ఈయన ప్రశ్నలు అడిగేది. సినిమాల హీరో ఆకాశంల తలుపు తెరిచి దుంకుతడు కద, అయితదా అంటె, పైన ఎగిరేటప్పుడు లోపలి గాలే తలుపును బిగబట్టి ఉంచుతుంది, పదిమంది పహిల్వాన్లు గుంజినా రాదని చెప్పింది. పైలట్‌కు కళ్లు తిరిగితె హీరోయిన్ ఫోన్ల అడుక్కుంట దించుతది కద అంటె, పైలట్లు ఇద్దరుంటారు, సినిమావాళ్లు రెండో ఆయన్ని మర్చిపోతారు, చాలా కంపెనీల్లో ఇద్దరికీ ఒకటే భోజనం కూడా పెట్టరు, ఒకరికి కడుపునొప్పి వస్తే ఇంకొకరు బాగుండాలని అన్నది. పైకెల్లి మాస్కులు వేలాడితె సినిమాల అరగంట ఏడుస్తరు కద అంటె, ఆ గాలి కొద్దిసేపటికే, ఈలోపల పైలట్ విమానాన్ని కిందికి తెస్తాడు, ఏడవడానికి టైం ఉండదన్నది.

ఒకపారి అనుదీపే చెప్పిండు. ఒక సినిమాల విమానం రెండు ఇంజన్లతోని లేచింది, నాలుగు ఇంజన్లతోని దిగింది, నడుమల ఏమన్న పుట్టినయా అని. సుహాసిని నవ్వీ నవ్వీ సీటు మీద వాలింది. అది తను కూడా చూడలేదని, ఆయన కళ్లు మంచివని అన్నది. ఆ మాట విని అనుదీప్ నారాయణగూడ దాంక నడిచిపోయి వచ్చిండు, ఎందుకు పోయిండో ఆయనకే ఎరుకలే.

కాని ఒక భయం పట్టుకున్నది. ప్రశ్నలు అయిపోతె? ఆమె టక్కున జవాబు చెప్పి ఇంటికి పోతది. అందుకని ఫోన్ల చెత్త సినిమాలన్ని ముంగటేసుకోని, యాడ విమానం కనవడ్తదా అని దేవులాడేది. వాళ్లమ్మ దమయంతి, పిలగాడు చదువుకునే కాలంల గిట్ల కూసుంటె కలెక్టర్ అయితుండె అని పక్కింటోళ్లకు చెప్పేది.

ఒకనాడు సినిమాలు ఒడిసిపోయినయి. ఏం అడగాల్నో తెలుస్తలేదు. ఆమె సంచి భుజానికి తగిలించుకుంటున్నది. బయట గల్లీల ఒక ఆటో వచ్చి చెవులు పగిలేటట్టు హారన్ కొట్టింది.

"విమానంల హారన్ ఉంటదా?" అన్నడు అనుదీప్.

సుహాసిని నవ్వింది. తర్వాత ఆగింది. కొప్పు మీద చెయ్యి పెట్టుకోని ఆలోచించింది. ఏ సినిమాల చూడలే, ఏ క్లాసుల చెప్పలే. "తెలీదండీ. కనుక్కుని చెప్తాను" అన్నది.

తెల్లారి సాయంత్రం దాంక ఆగలే ఆమె. పొద్దున్నే, టిఫిన్ గూడ తినకుంట వచ్చి, ఉంటుందండీ, నిజంగా ఉంటుంది అని చెప్పింది. విమానం కింద నిలవడి ఉన్నప్పుడు, నేల మీద పని చేసేటోళ్లను పిలవనీకి పైలట్ కాడ ఒక బటన్ ఉంటదట, అది ఒత్తితె ముందు చక్రం దగ్గర మోగుతదట. ఒక పైలట్‌ను అడిగితె, ఇన్నేండ్లల్ల ఈ ప్రశ్న ఎవ్వలు అడగలేదని ఆయన గూడ ఆశ్చర్యపోయిండట. చెప్పుకుంట ఆమె కళ్లు మెరిసినయి. ఆనాటికెల్లి ఆమె గూడ ప్రశ్నలు అడుగుడు మొదలువెట్టింది. ప్లైవుడ్ గుండ్రంగ ఎట్ల వంగుతది, కోర్టు బోను ఎందుకు అన్ని సినిమాలల్ల ఒకటే అని.

అట్లట్ల విమానం మారింది. ఫ్యాను పోయింది, గడియ పోయింది, నడుముకు పెట్టుకునే బెల్టులొచ్చినయి. ఒక షార్ట్ ఫిలిం డైరెక్టర్ పోరడు వచ్చి చూసి మొఖం మాడ్చుకున్నడు. ఇది విమానం లెక్క లేదన్న, గులాబి పరద యాడ వాయె, జనం నమ్మరు అన్నడు. బాలకిషన్ కొడుకు దిక్కు చూసిండు. అనుదీప్ మాత్రం, కిరాయికి తీసుకుంటె తీసుకో లేకుంటె లేదు, గడియ మాత్రం పెట్టేది లేదన్నడు. ఎన్నడు గిరాకిని ఎదిరించని పిలగాడు గట్లనెవరకు బాలకిషన్‌కు సగం సంగతి అక్కడనే సమజైంది.

ఇగ గుండెలకెల్లి ఒక ప్రశ్న బయటికి వస్తనంటున్నది. ఒకనాడు ధైర్యం చేసిండు. సినిమాల ఎయిర్ హోస్టెస్ తలుపు కాడ నిలవడి హీరోను చూస్తది, నమస్తె అంటది, ఎనుక వయొలిన్లు మోగుతయి, నిజంగ గట్ల అయితదా అని.

సుహాసిని క్లాసుల చెప్పినట్టు చెప్పింది. తలుపు దగ్గర అందర్నీ తల నుంచి కాళ్ల దాకా చూడాలి. ఎవరు తాగి ఉన్నారు, ఎవరి చేతికి కట్టు ఉంది, ఎవరు భయపడుతున్నారు. నమస్కారం పెట్టేదే ఆ చూసే పని కోసం. ఎవర్నైనా అలాగే చూస్తాం.

నెత్తి కాంచి చెప్పుల దాంక. అనుదీప్ మొఖం తడిసిన అట్టపెట్టె లెక్క అయింది. తొలినాడు రంగు ఆరిపోయేటట్టు చూసిన చూపు తన ఒక్కనికే కాదు, కొత్తిమీర అమ్మేటోన్ని గూడ గట్లనే చూస్తదన్నట్టు. ఆ రాత్రి అన్నం ముట్టలే. తెల్లారికెల్లి ప్రశ్నలు బంద్.

పరీక్ష రేపనంగ సాయంత్రం సుహాసిని చివరిసారి ప్రాక్టీస్‌కు వచ్చింది. వాన మొదలైంది. రేకుల మీద పడే వాన సప్పుడుకు సగం విమానం నిజంగనే ఎగురుతున్నట్టున్నది. అనుదీప్ ఎప్పటి లెక్కనే మూడో వరుసల కూసున్నడు. ఆమె ముంగట నిలవడి అరిచింది. వాన అరుపును మింగింది. మళ్ల అరిచింది. పిల్లి తుమ్మినంత వచ్చింది.

"ఇవాళ ఏమీ అడగరేంటి?" అన్నది.

"ఏం లేదు."

"నిన్న కూడా అడగలేదు."

"అందరిని ఒకతీర్గనే చూస్తరని ఎరుకైనంక ఇగ అడిగేటందుకు ఏమున్నది?"

సుహాసిని మొఖం ఎర్రబడ్డది. రేపు పరీక్ష, గొంతు లేస్తలేదు, ఈ మనిషేమో అలిగి కూసున్నడు. అంత కోపం ఒక్కపారి గొంతులకు వచ్చింది.

"బెల్టు తీయండి! సామాను వదిలేయండి! ఇటు రండి!"

అది అరుపు కాదు, పిడుగు. షెడ్డు మీది రేకులు ఒక జానెడు లేచి కూసున్నయి. నారాయణగూడ చౌరస్తాల సిటీ బస్సు ఆగి, జనం సంచులు ఆడనే ఇడిసి దిగిండ్రట. విద్యానగర్‌ల పరీక్ష రాస్తున్న పిల్లలు పేపర్లు వదిలిపెట్టి బయటికి ఉరికిండ్రట. అనుదీప్ అయితె ఎప్పుడు లేచిండో, ఎప్పుడు ఆమె ముంగటికి వచ్చిండో, ఆయన కాళ్లకే తెల్వాలె.

ఇద్దరు మొఖాలు చూసుకుంట నిలవడ్డరు. అప్పుడు ఆమె మెల్లగ మాట్లాడింది.

"అందర్నీ చూస్తాం. ఎంచుకునేది ఒక్కర్ని."

అనుదీప్‌కు అర్థం కాలే. ఆమె చెప్పింది. విమానం లేచేటప్పుడు మా సీట్లో కూర్చుని, ఆపద వస్తే తలుపు దగ్గర ప్రయాణికుల్లో ఎవరు సాయానికి వస్తారని మనసులో అనుకుంటాం. పోయిన వారం క్లాసులో మేడం నన్ను నిలబెట్టి అడిగారు, నీ మనిషి ఎవరని. మూడో వరుస, హారన్ గురించి అడిగే అబ్బాయి అన్నాను. క్లాసంతా ఒకటే నవ్వు.

అనుదీప్ ఎనుకకు తిరిగి మూడో వరుసల తన సీటు దిక్కు చూసిండు.

"ఇంకోటుంది. ఆ మనిషిని అడగాలి కూడా." ఆమె నిటారుగ నిలవడి, క్లాసుల లెక్కనే అడిగింది. "అవసరమైతే సాయం చేస్తావా? తల ఊపితే చెల్లదు. నోటితో చెప్పాలి."

అన్ని ప్రశ్నలు అడిగిన మనిషి ఇప్పుడు జవాబు చెప్పాలె. వాన గూడ జర మెల్లగైంది, ఇనాలె కదా.

"చేస్త" అన్నడు. మళ్ల అన్నడు, "ఆపద లేకున్నా చేస్త."

అప్పుడు చూస్తె షెడ్డు తలుపు కాడ గొడుగు పట్టుకోని జోగారావు గారు. అరుపు విని ఉరుక్కుంట వచ్చిండట. ఆయన అన్నది ఒక్కటే మాట. ఆ అరిచింది మా అమ్మాయేనా అని. అవునంటె, కళ్లద్దాలు తీసి తుడుచుకోని, ముందు పరీక్ష కానివ్వండి, తర్వాత మాట్లాడుకుందామని బిడ్డను తోలుకపోయిండు.

తెల్లారి పరీక్షల సుహాసిని అరుపుకు పరీక్ష పెట్టే మేడం గూడ బెల్టు తీసి నిలవడ్డదట. పాస్.

ఆ ఆదివారం జోగారావు, ఆయన భార్య కమలాకుమారి మాట్లాడనీకి వచ్చిండ్రు. దుకాణంల కుర్చీలన్ని కిరాయికి పోయినయి. చుట్టాలను యాడ కూసోవెట్టాలె? విమానంల కూసోవెట్టిండ్రు. జోగారావు దంపతులు ముందు వరుసల, బాలకిషన్, దమయంతి ఎనుక వరుసల. ఒకరి మొఖం ఒకరికి కనవడది. పెండ్లి ముచ్చటంత జోగారావు ముంగటి గోడతోని మాట్లాడిండు, బాలకిషన్ ఆయన నెత్తితోని మాట్లాడిండు.

జోగారావు కిటికీని, బెల్టును చేత్తోని తడిమి చూసి, నిజం విమానంలాగే ఉందండీ బాలకిషన్ గారూ అన్నడు.

"మీ బిడ్డ దిద్దినంక గట్లయింది" అన్నడు బాలకిషన్. "నా కొడుకును గూడ జర దిద్దుతె, మాకంతకన్న ఏం కావాలె."

ముందు వరుసలకెల్లి టక్కుమని సప్పుడైంది. జోగారావు బెల్టు పెట్టుకున్నడు.

"అయితే ముహూర్తం పెట్టించండి."

చివరి వరుసల ఇస్త్రీ బట్టల మూట ఒళ్లె పెట్టుకోని, ఎవ్వలు పిలవకున్నా వచ్చి కూసున్న గల్లీ ఇస్త్రీ ఈదయ్య అప్పుడు గొంతు సవరించుకున్నడు.

"బాలకిషనన్నా, పెండ్లి బరాత్ ఊరేగింపుకు ఈ విమానమే పెట్టు, కిటికీ సీటు నాకియ్యి. గని సుల్తాన్ బజార్ కాడ ట్రాఫిక్ మస్తుంటది, ఆడ మాత్రం జర పైకెల్లి పోనియ్యి."