యాదయ్య పెట్టని బొట్టు

“మూడో బ్యాచ్ కూడా డ్రెయిన్‌లోకి పోయింది,” అన్నాడు జోగారావు.

శంషాబాద్ విమానాశ్రయం పార్కింగ్‌లో, నల్ల అద్దాల ఇన్నోవా ముందు సీట్లో కూర్చుని చెబుతున్నాడాయన. గూఢచారి ఏజెన్సీకి హైదరాబాద్ చీఫ్. వెనక సీట్లో ఏజెంట్ 27 వీరేందర్. కందుకూరు రైతు బిడ్డ. పదకొండేళ్ళ సర్వీసులో ముప్పై వేషాలు కట్టి ఒక్కదాంట్లోనూ దొరకని మనిషి.

“ఏ ప్లాంట్ సార్?”

“పాల్మాకుల దగ్గరిది. విషవాయువు దాడి జరిగితే జవాన్లకు ఇచ్చే ఇంజెక్షన్‌కి ముడిమందు అక్కడే తయారవుతుంది. దసరా దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత వరసగా మూడు బ్యాచ్‌లు ఫెయిల్. ఇంక రెండు బ్యాచ్‌లకే సరుకుంది. అవీ పోతే సరిహద్దులో స్టాకు నిల్.”

“ఎవరి పని?”

“ఆక్టేన్. పరాయి దేశపు ముఠా. ప్లాంట్‌లో వాళ్ళ మనిషి ఎవరో ఉన్నారు. నువ్వు ప్రాసెస్ కన్సల్టెంట్‌గా దిగు. లోపల మన మనిషి ఎవరో నీకు చెప్పక్కర్లేదనుకుంటా.”

అక్కర్లేదు. మృదుల. ప్లాంట్‌లో ప్రాసెస్ ఇంజనీరు, ఏజెన్సీకి అక్కడ కళ్ళూ చెవులూ. నవంబర్ పదకొండున రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం పెట్టి వీరేందర్‌కి భార్య కాబోతున్న మనిషి. జోగారావు అద్దంలోంచి చూసి నవ్వాడు. వీరేందర్ సిగ్గుపడ్డాడు. గూఢచారులు సిగ్గుపడకూడదని రూలేమీ లేదు.

మర్నాడు ప్లాంట్ గేటు దగ్గర ఎదురొచ్చింది మృదుల. ఇనుప ముక్కు సేఫ్టీ షూస్ వేసుకుని కూడా అంత అందంగా నడవగలిగేది ఆ జిల్లా మొత్తంలో ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

“కందుకూరు బస్సెప్పుడండీ?” అంది, ఎవరో కొత్తవాణ్ణి అడిగినట్టు.

“శ్రీశైలం బస్సెక్కితే మధ్యల దిగొచ్చు మేడమ్.”

కోడ్ కలిసింది. పక్కనున్న సెక్యూరిటీ గార్డు మాత్రం, బస్సులు గేటు దగ్గర ఆగవని ఇద్దరికీ ఓపిగ్గా చెప్పాడు.

పది రోజులు ట్రబుల్‌షూటింగ్ నడిచింది. ముడిసరుకు పరీక్ష చేయించాడు, బాగుంది. ఫిల్టర్ విప్పించాడు, గుడ్డ చిరిగి ఉంది. వాల్వు విప్పించాడు, మూసినా కారుతోంది. తూకం కాటా రెండు కిలోలు తప్పు చూపిస్తోంది. దొరికిన లోపాలన్నీ సరిచేయించాడు కానీ, బ్యాచ్‌ను చంపేంత పెద్దది వాటిలో లేదు. ఒక్కదాంట్లోనూ విదేశీ హస్తం లేదు, అన్నిట్లోనూ స్వదేశీ బద్ధకమే.

చూడనిది ఒక్కటే, మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో సరిచూసి రాసే కాలిబ్రేషన్ ఫైలు. ప్రతి పేజీ కిందా మృదుల సంతకం ఉంది. అది చూసి పేజీ తిప్పేశాడు. ఆరో తేదీన మాత్రం ఎందుకో, “ఎల్లుండి మీటర్లన్నీ విప్పించి చూస్త,” అని ఆమెతోనే అన్నాడు. ఆమె సరేనంది.

నవంబర్ ఏడు, మధ్యాహ్నం మూడున్నర. నాలుగో బ్యాచ్ రియాక్టర్‌లో ఉంది. ఢిల్లీ నుంచి ఆడిటర్ వస్తున్నాడని, తీసుకురావడానికి మృదుల ఎయిర్‌పోర్టుకు బయల్దేరి గంటయింది.

“సార్, జర ఇటు రాండ్రి,” అని పిలిచాడు యాదయ్య. సీనియర్ ఆపరేటర్. తెర మీద అంకెలు నమ్మడు, అరచేయి నమ్ముతాడు. గంటకోసారి రియాక్టర్ పైపు మీద చెయ్యి వేసి చూడటం ఆయన అలవాటు.

“తెర మీద నలభై రెండు సూపిస్తున్నది. నా చెయ్యేమో సుర్రుమన్నది. గిట్లెట్లయితది?”

వీరేందర్ జేబులోంచి పెన్ను తీశాడు. ఏజెన్సీ ల్యాబ్ తయారీ. చూడ్డానికి బాల్‌పెన్ను, నొక్కితే దూరం నుంచే వేడి కొలుస్తుంది. అరవై మూడు. రియాక్టర్ వేడిని కంట్రోల్ రూమ్ తెరకు పంపే ట్రాన్స్‌మిటర్ అబద్ధం చెబుతోంది.

“ఇంకోటి సార్,” అని ఆ ట్రాన్స్‌మిటర్ డబ్బా వెనకవైపు చూపించాడు యాదయ్య. “ఆయుధపూజ నాడు ఈ ఫ్లోర్ల ప్రతి మీటరుకు, ప్రతి వాల్వుకు నేనే కుంకుమ బొట్టు పెట్టిన. మల్ల దసరా దాంక ఎవ్వలం తుడువం. దీనికేంది, స్టిక్కర్ బొట్టున్నది? ఇది నేను పెట్టింది గాదు.”

అంటే పండగ తర్వాత ఎవరో పాతది తీసేసి కొత్తది బిగించారు. బోసిగా ఉంటే యాదయ్య కంట పడుతుందని, చేతికి అందిన బొట్టు పెట్టేశారు.

నల్లటి సన్నగీత, కింద ఒక తెల్లరాయి. ఆ పాకెట్ మృదులకి వీరేందర్ తన చేత్తో కొనిచ్చాడు, శంషాబాద్ బజార్లో, దసరా ముందు. ఇదివరకు ఇద్దరు అతని మీద తుపాకీ ఎక్కుపెట్టారు. అప్పుడు కూడా ఇంత భయం వేయలేదు.

“ఎవల్ది సార్ అది?”

“తర్వాత చెప్త యాదన్నా. ముందు రియాక్టర్ల మందు పొయ్యడం ఆపుండ్రి. అందర్నీ బయటికి పంపుండ్రి.”

మందు ఆగింది. వేడి ఆగలేదు. అరవై ఆరు. ఎనభై దాటితే మూత లేచిపోతుంది. బ్లాకులో ముప్పై నాలుగు మంది ఉన్నారు.

జోగారావుకి ఫోన్ చేశాడు. “సార్, మృదుల. ఎయిర్‌పోర్టుల ఉన్నది.”

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. “ఏ పేరుతో ప్రయాణిస్తోందో తెలీదు. మూడు నిమిషాలు ఫోన్‌లో మాట్లాడించు. ఎక్కడుందో పట్టేస్తాం.”

ఆమెకు చేశాడు. ఎత్తదనుకున్నాడు. ఎత్తింది.

“నన్ను పట్టించడానికే చేశావని తెలుసు. చెప్పు,” అంది.

“రియాక్టర్ అరవై ఎనిమిదిల ఉన్నది. ఇంకా ఎక్కుతున్నది.”

“అలా కాకూడదే! నలభై రెండు దాటి చూపించకుండా పెట్టాను, నిజమే. పది డిగ్రీలు ఎక్కి బ్యాచ్ పాడవుతుంది, అంతే. రియాక్టర్ చుట్టూ చల్లటి ఉప్పునీళ్ళు తిరగడం లేదా?”

“పంపు నడుస్తున్నది.”

“చప్పుడెలా ఉంది?”

“మిక్సీల గులకరాళ్ళు ఏసినట్టు.”

“నీళ్ళు అందడం లేదు దానికి. ముందున్న జాలీ మూసుకుపోయింది. ప్రతి సోమవారం కడిగినట్టు లాగ్‌షీట్లో టిక్కు పెడతారు, కడగరు. అది నా పని కాదు వీరూ, ఒట్టు.”

“గిర్రున తిప్పే స్టిర్రర్ ఆపుతున్న.”

“ఆపకు! ఆపితే వేడంతా ఒకచోట పేరుకుని ఒక్కసారే లేస్తుంది. తిరగనీ. జాలీ పక్కన నీలం చక్రం వాల్వు ఉంటుంది, జాలీని తప్పించి నీళ్ళు పంపే బైపాస్. పూర్తిగా తిప్పండి.”

యాదయ్య అప్పటికే పరుగెత్తాడు. చక్రం బిగుసుకుపోయి ఉంది. పైపు ముక్క దూర్చి మీద పడి నొక్కుతున్నాడు. డెబ్భై మూడు. ఫోన్‌లో వెనక ఏదో విమానానికి ఆఖరి పిలుపు వినిపించింది.

“ఎప్పటి సంది?” అని అడిగాడు వీరేందర్.

“మొదట్నుంచీ. మూడేళ్ళ కిందట నన్ను మీ ఏజెన్సీలోకి పంపిందే వాళ్ళు.”

“మరి నేను?”

“నిన్ను ప్రేమించమని ఎవరూ చెప్పలేదు. అది నేనే చేసుకున్నాను.”

ఫోన్ బంద్ చేసి ఉరుకు అనాలనిపించింది అతనికి. అనలేదు. అనకపోవడం డ్యూటీ అని తెలుసు, ఆ డ్యూటీ మీద జీవితంలో మొదటిసారి అసహ్యం వేసింది.

డెబ్భై ఎనిమిది. కీచుమని చక్రం కదిలింది. పంపులో గులకరాళ్ళు ఆగి, నిండుగా నీళ్ళు పారే చప్పుడు మొదలైంది. పైపు మీద మంచు పట్టింది. డెబ్భై తొమ్మిది. డెబ్భై తొమ్మిది. డెబ్భై ఎనిమిది.

“ఎంత?” అంది.

“దిగుతున్నది.”

“హమ్మయ్య. యాభైకి వచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకు. ఇద్దరు మగవాళ్ళు ఇటే వస్తున్నారు వీరూ, మీవాళ్ళే అనుకుంటా. ఒకాయన షూ లేసు ఊడి ఉంది, పడతాడేమో…”

లైన్ కట్టయింది. వీరేందర్ రియాక్టర్ పక్కనే ఇనుప మెట్ల మీద కూర్చుని, హెల్మెట్ ముఖం మీదికి లాక్కుని ఏడ్చాడు. యాదయ్య పక్కన కూర్చుని, పైపు మీద చెయ్యి వేసి, “సల్లవడ్డది సార్,” అని మాత్రం అన్నాడు.

కొత్త ట్రాన్స్‌మిటర్ బిగించాక, కడిగిన జాలీతో చేసిన ఐదో బ్యాచ్ పదో తేదీన పాసయింది. సాయంత్రం కార్గో విమానంలో వెళ్ళిపోయింది. అదే పార్కింగ్, అదే ఇన్నోవా.

“రేపట్నుంచి పెళ్ళికని మూడు రోజులు సెలవు పెట్టావు,” అన్నాడు జోగారావు. “క్యాన్సిల్ చేయమంటావా?”

“వద్దు సార్, ఉండనియ్యండి,” అన్నాడు వీరేందర్. “ఏడ్వడానికి డ్యూటీల టైం దొరుకుతలేదు.”