అర మెట్టు పైకి

ఆ సంగీత భవనంలో పై అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు. పొద్దుగూకాక వయొలిన్ వాళ్లు మెట్ల మీద కూర్చునైనా సాధన చేసుకుంటారు గానీ ఆ గదిలోకి పోరు. అక్కడ పియానో ఎవరికోసమో కాచుకుని ఉంటుందని చెప్పుకుంటారు. కాపలాదారైతే లోపలి దీపం ఆర్పడానికి కూడా గడప దాటడు.

గాయకుడు మాత్రం పకపకా నవ్వాడు.

"దెయ్యానికి సంగీతమెందుకయ్యా? తాళం ఇలా తే."

మర్నాడు ఆయన కచేరీ. ఈ ఊళ్లో పాడి ఏడేళ్లయింది. టిక్కెట్లన్నీ అయిపోయాయి, కింది గదులన్నీ నిండిపోయాయి. చివరి గది ఒక్కటే మిగిలింది.

ఆ గది కథ ఆయనకి తెలియనిదేం కాదు. పదిహేనేళ్లు ఆయన వెనక పియానో వాయించిన ఒకావిడ ఉండేది. పోస్టర్ మీద ఆయన పేరు గుమ్మడికాయంత, ఆవిడ పేరు ఆవగింజంత. ఆయనకి ఊపిరి చాలకపోతే ఆవిడ ఆగేది, ఆయన లైను దాటేస్తే తనూ దాటేసేది. వినేవాళ్లకి తెలిసేదే కాదు.

ఓ రాత్రి ఈ మహానుభావుడు పాటలో ఏకంగా ఒక పేజీ మింగేశాడు. ఆవిడ రెప్పపాటులో దూకి అందుకుంది. ఈయనకే దారి తప్పింది... పాట ఆపి, వెనక్కి తిరిగి, ఆవిడ వంక గుర్రుగా చూశాడు. నిండు సభలో!

అంతే. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు చేసింది ఆయన, పరువు పోయింది ఆవిడకి. మళ్లీ ఆవిడని పిలిచిన నాథుడు లేడు. ఆ చివరి గదిలో ఒక్కతే వాయించుకుంటూ, రెండేళ్లు తిరక్కుండానే ఆ పియానో మీదే తల వాల్చి కన్నుమూసింది. "తప్పు నాది" అన్న ఒక్క మాట ఆయన నోట రాలేదు. ఎంత దుర్మార్గం!

ఈసారి వాయించేది ఓ కొత్తమ్మాయి. నిర్వాహకులు పంపారు. తలెత్తి మాట్లాడని పిల్ల.

"అయిదు చరణాల పాట అందుకో అమ్మాయ్. అన్నిటికీ వరస ఒకటే. చెడగొట్టకు."

"అలాగేనండీ."

పియానోకి వీపు పెట్టి నిలబడటం ఆయన అలవాటు. మొదటి చరణం వెన్నలా సాగింది.

రెండో చరణం... ఎక్కడో కాస్త బిగువు. శ్రుతి అర మెట్టు పైకి జరిగిందా? పిల్ల బెదిరి పొరపాటు చేసి ఉంటుందిలే అనుకున్నాడు.

మూడోది — మరో అర మెట్టు. మెడ నరాలు ఉబ్బాయి. ఆపుదామనుకున్నాడు. ఆపితే గొంతు అయిపోయిందని ఈ పిల్ల ఊరంతా చాటదూ? పళ్లు బిగించి లాక్కొచ్చాడు.

నాలుగోది — ఇంకో అర మెట్టు! పియానో ఇందాకటి పియానోలా లేదు. ఆయన ఊపిరి తీసే చోటు దానికి ముందే తెలుసు. అక్కడ ఇదివరకు ఆగేది... ఇప్పుడు ఆగలేదు. ఊపిరి తిప్పుకోనివ్వలేదు. చివరి ఎత్తు స్వరం మీద గొంతు పాతగుడ్డలా చిరిగింది.

"ఏయ్!" అని గిర్రున తిరిగాడు.

పియానో ముందు ఎవరూ లేరు.

అమ్మాయి తలుపు పక్కన గోడకి అతుక్కుపోయి ఉంది. చేతులు రెండూ గుండెల మీద.

"మొదటి రెండుసార్లూ నేనే పెంచానండీ... కావాలనే. ఆవిడ మా పెద్దమ్మ" అంది గుసగుసగా. "మూడోసారి... నేను కాదు. నా వేళ్లని ఎవరో పక్కకి నెట్టేశారు."

పియానో మీటలు వాటంతటవే దిగుతున్నాయి, లేస్తున్నాయి. అయిదో చరణానికి ముందు వచ్చే వాయింపు నడుస్తోంది — మరో అర మెట్టు పైన.

"ఆ మాట అనెయ్యండి" అంది అమ్మాయి ఏడుస్తూ. "ఆ ఒక్క మాట అంటే ఆగుతుందేమో... అనండి బాబూ!"

ఆయన మోకాళ్ల మీద పడ్డాడు. నోరు తెరిచాడు. తప్పు నాదే అని బిగ్గరగా అరిచాననే అనుకున్నాడు.

గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

పియానో ఒక్క క్షణం ఆగింది — ఆయన అందుకోవాల్సిన చోట. విన్నది. ఏమీ వినపడలేదు...

మళ్లీ మొదటినుంచీ ఎత్తుకుంది.