ఒక్క పొరా పారేయకు

ఆదివారం మధ్యాహ్నం. లిఫ్టు ఆగి, భవనం అదరకుండా ఉంటేనే నేలమాళిగలో మా సూక్ష్మదర్శిని సూది నిలకడగా పనిచేస్తుంది. వెంట్రుక కంటే సన్నని మొన. చీకట్లో వేలితో గోడ తడిమినట్టు ప్రోటీన్‌ని తడిమి, దాని ఆకారాన్ని తెర మీద గీస్తుంది.

ఈ పని నాకు నేర్పింది మేడం. చాకిరీ ఆవిడది, పేరు మొగుడిది. ఆ మొగుడే నా పీహెచ్‌డీ గైడు, మా సార్. ఆవిడ పోయి ఆర్నెల్లయింది. సార్ వేలికి అప్పుడే కొత్త పెళ్ళి ఉంగరం.

రేపటికి బొమ్మ ఇవ్వకపోతే నా ఆరేళ్ల చదువు బూడిదలో పోసిన పన్నీరే. "ఆవు చర్మంలోని ప్రోటీన్" అని సార్ ఇచ్చిన సీసాలోంచి చుక్క తీసి అభ్రకం బిళ్ల మీద వేశాను. బొమ్మ వచ్చింది. తాళ్లలా పేనుకున్న పోగులు. సూది వెనక్కి తీయబోతే రాలేదు. కిందనుంచి ఎవరో పట్టుకున్నట్టు... విరిగింది.

గది ఊడుస్తున్న పనమ్మాయి, మేమంతా అక్క అని పిలిచేది, సీసా వైపు చూసి గొంతు తగ్గించింది.

"అది ఆవుది కాదమ్మా."

"మరి?"

"మేడం పోయిన రోజు ఆసుపత్రి నుంచి సారే జేబులో తెచ్చారు. ఆవన్నారా? పోన్లే, బతికినన్నాళ్లూ ఆయనకి ఆవిడ పాడి ఆవేగా."

ఆ చుక్క వదిలించుకుందామని బిళ్ల బయటికి తీశాను. అందులో వందల పొరలుంటాయి. టేపు అతికించి పైపొర పీకేస్తే కింద శుభ్రమైన పొర వస్తుంది. పీకిన టేపుల్ని పుస్తకంలో అతికించాలి. "ఒక్క పొరా పారేయకు" అనేది మేడం.

పీకాను. పొడిగా, అద్దంలా రావాల్సిన పొర గోరువెచ్చగా సాగింది. పాత పుండుకి కట్టు విప్పిన వాసన. తడి తోలు మీద నూగు. దాని కిందా అదే. మూడుసార్లు పీకి అతికించాను.

ఫోన్ మోగింది. సార్.

"బొమ్మ వచ్చిందా అమ్మాయ్?"

"వచ్చింది."

"శభాష్. వ్యాసంలో నా పేరు ముందుండాలి సుమా... అబ్బా! వేలు మంట. కొత్త ఉంగరం ఒరుసుకుందేమో, తోలు లేస్తోంది."

"ఎప్పట్నుంచి సార్?"

"ఇందాకట్నుంచే."

టేపు బల్ల మీద పెట్టేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను. అక్క చీపురు ఆగింది.

చర్ర్...

ఫోన్లో సార్ కేక.

పుస్తకం తెరిచాను. నేను అతికించినవి మూడు. ఇప్పుడు నాలుగున్నాయి. నాలుగోదాని మీద, అడ్డంగా, ఉంగరం ఒత్తుకున్న గుర్తు.