చవకైన తప్పు

వకుళ ఇడ్లీ తుంచి చట్నీలో అద్దుకునేలోగా నాలుగు వ్యాజ్యాలు ముగిసిపోయాయి. బల్లకు ఎదురుగా వేలాడుతున్న గాలితెర మీద అవి ఒకదాని తరవాత ఒకటి ఆకుపచ్చగా వెలిగి ఆరిపోయాయి. ఒకటి చెన్నై రేవులో కుళ్ళిన సరుకు గురించి, మరొకటి లారీ తగిలి కాలు విరిగిన మనిషి గురించి. మిగతా రెండూ ఏమిటో ఆమె చదవలేదు. చదవవలసిన అవసరమూ లేదు. నీలసింధు కంపెనీ తరఫున వ్యయదర్శి అనే యంత్రం, అవతలివారి తరఫున వారి వ్యయదర్శి మాట్లాడుకున్నాయి. కోర్టుకు వెళితే ఎంత ఖర్చు, ఓడితే ఎంత, రాజీపడితే ఎంత అని రెండు యంత్రాలూ లెక్కవేసుకుని, ఇద్దరికీ చవకైన చోట ఆగాయి. దాన్నే యంత్రసంధి అంటారు. న్యాయవిభాగం అధిపతిగా వకుళ తల ఊపితే చాలు, అది చట్టమైపోతుంది.

ఒకప్పుడు విశాఖపట్నంలోని ఆ అంతస్తు నిండా న్యాయవాదులు ఉండేవారు. బయటి వకీళ్ళు గంటల చొప్పున పంపే బిల్లులు చూసి యాజమాన్యం బెంబేలెత్తేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో వకుళ పని ఆ బిల్లులను జల్లెడ పట్టడమే. ఒకే ఫోను సంభాషణకు ముగ్గురు వకీళ్ళు ఎవరికివారు గంట రాసుకున్న సంగతి పట్టుకుని ఆమె పేరు తెచ్చుకుంది. వ్యయదర్శి వచ్చాక ఆ బిల్లులూ పోయాయి, ఆ వకీళ్ళూ పోయారు. ఇప్పుడు న్యాయవిభాగమంటే వకుళ, ఇద్దరు సహాయకులు. కోర్టులు తెరిచే ఉన్నాయి గాని, బోనెక్కిన సాక్షిని కళ్ళారా చూసిన న్యాయమూర్తులు అరుదైపోయారు.

అయిదో వ్యాజ్యం ఆకుపచ్చగా మారలేదు. పసుపురంగులో నిలిచిపోయింది. సంధి కుదరాలంటే ఒక మనిషి సమ్మతి కావాలని దాని అర్థం.

అది ఉప్పాడ తీరంలోని రొయ్యల కర్మాగారానికి సంబంధించినది. అక్కడి శీతల గదిలో అమ్మోనియా గొట్టం పగిలి ముగ్గురు ఆడవాళ్ళ కళ్ళు కాలాయి. ఒకామెకు ఒక కన్ను పూర్తిగా పోయింది. గాలిలో విషవాయువును పసిగట్టేందుకు ఆ గదుల గోడలకు ఘ్రాణిక అనే పరికరం బిగించి ఉంటుంది. కార్మికులు దాన్ని గోడముక్కు అంటారు. గోడముక్కు నీలంగా వెలుగుతున్నంతసేపూ గాలి శుభ్రమని నమ్మాలి. ఆ రోజు గొట్టం పగిలేదాకా అది నీలంగానే వెలిగింది.

వకుళ ఆధారాలన్నీ విప్పి చూసింది. వాటిలో ఫోనులో రికార్డయిన ఒక గొంతు ఉంది. గొట్టం పగలడానికి చాలాసేపటి ముందే సూపర్వైజరు నూకరత్నం కంట్రోలు గదికి ఫోను చేసి, ఘాటు వాసన వస్తోంది, పని ఆపించమని అడిగింది. గోడముక్కు ఒప్పుకోకుండా మనిషి మాట మీద పని ఆపే నిబంధన లేదని అవతలి నుంచి జవాబు వచ్చింది.

అంటే గోడముక్కులోనే లోపం ఉంది. అదే పరికరం నీలసింధు కర్మాగారాలన్నిటిలోనూ ఉంది. లోపాన్ని ఒప్పుకుంటే అన్నీ మూసి, అన్నీ మార్చాలి. పాత ప్రమాదాలన్నీ మళ్ళీ పైకి లేస్తాయి. మనిషి పొరపాటైతే బీమా కంపెనీ భరిస్తుంది. జరిగింది సూపర్వైజరు అశ్రద్ధ అని ఒప్పుకోవడమే అన్నిటికన్నా చవకని వ్యయదర్శి తేల్చింది. ఆమెకు శిక్ష లేదు, జీతంలో కోత లేదు. కాబట్టి ఆ ఒప్పుకోలుకు అయ్యే ఖర్చు సున్నా అని చూపించింది.

వకుళ ఆర్థిక డైరెక్టరు ఫణీంద్ర వర్మకు ఆ గొంతు సంగతి చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. గాయపడినవాళ్ళకు డబ్బు రేపే అందుతుంది, కోర్టుకు వెళితే వాళ్ళ పిల్లలు పెద్దవాళ్ళయ్యాక అందుతుంది, ఏది న్యాయమో మీరే చెప్పండని అడిగాడు. మర్నాడు వకుళ నూకరత్నం సమ్మతి కోసం ఉప్పాడ బయలుదేరింది.

నూకరత్నం యాభై దాటిన మనిషి. సగం జీవితం శీతల గదుల్లో గడపడం వల్ల వేళ్ళు మొద్దుబారి వంకరపోయాయి. వకుళకు కుర్చీ వేసి తను నిలబడే ఉంది. కూర్చోమని ఎంత చెప్పినా కూర్చోలేదు. గాయపడిన ముగ్గురి పేర్లూ చెప్పి, వాళ్ళకు చూపు వస్తుందా అని ముందుగా అదే అడిగింది. వకుళ వచ్చిన పని వివరించింది. ఉద్యోగానికి ఏ ఢోకా లేదని, ఒక్క మాట స్వరముద్రలో చెబితే చాలని అంది. స్వరముద్ర అంటే సంతకం లాంటిదే. మాట్లాడిన గొంతే సాక్ష్యం.

చెప్పవలసిన మాటలు వకుళ చదివి వినిపించింది. "ముందుగా నాకు ఏ వాసనా తెలియలేదు. గొట్టం కవాటం సరిచూడటంలో అశ్రద్ధ నాదే."

నూకరత్నం తల అడ్డంగా ఊపింది.

"వాసన వచ్చింది కదండి. కంట్రోలు రూముకి సెప్పేను కూడానండి."

"మీరు పొరబడి ఉండొచ్చు కదా, రత్నంగారూ."

అలా అనాలని వకుళ అనుకుని రాలేదు. అది నోట్లోంచి చాలా తేలిగ్గా వచ్చేసింది.

"గోడముక్కు ఏటంటందండి?"

"గాలి బాగానే ఉందనే చూపించింది."

"మిసను అబద్దమాడదు కదండి," అంది నూకరత్నం. ఆ మాట అడిగినట్టుగానూ ఉంది, తనకు తాను చెప్పుకున్నట్టుగానూ ఉంది. వకుళ మాట్లాడలేదు. ఆ మౌనాన్ని నూకరత్నం జవాబుగా తీసుకుంది. రొయ్యల మధ్య బతికే ముక్కు ఏపాటిదిలెండి అని నవ్వి, చెప్పమన్న మాటలు తప్పు లేకుండా చెప్పింది.

సంధి కుదిరిన కేసులో ఆధారాలు భద్రపరచడం కూడా దండగ ఖర్చే. ఆ సాయంత్రమే వ్యయదర్శి వాటన్నిటినీ చెరిపేసింది. నూకరత్నం ఫోనులో అన్న మాటలు అలా పోయాయి. ఆ ఏడాది న్యాయవిభాగం ఖర్చు కంపెనీ చరిత్రలోనే అతి తక్కువ అని వర్మ సభలో వకుళను మెచ్చుకున్నాడు.

వేట నిషేధం ముగిసి పడవలు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళిన రోజుల్లో, అదే కర్మాగారంలో అదే గొట్టం మరోచోట పగిలింది. ఈసారి లోవలక్ష్మి అనే అమ్మాయి చనిపోయింది. నూకరత్నం దగ్గరే పని నేర్చుకున్న పిల్ల. ఆమెను బయటికి లాగబోయి నూకరత్నం ఊపిరితిత్తులు కాలి కాకినాడ ఆసుపత్రిలో పడింది.

వకుళ ముందు కర్మాగారానికి వెళ్ళింది. అక్కడి ఆడవాళ్ళు చెప్పిందంతా ఒక్కటే. గది తలుపు దగ్గర రత్నమ్మ ఆగింది. ముఖం అటూ ఇటూ తిప్పి గాలి పీల్చింది. తల ఎత్తి గోడముక్కు వంక చూసింది. అది నీలంగా వెలుగుతోంది. కొంగుతో ముక్కు గట్టిగా తుడుచుకుని, పదండమ్మా అని అందరినీ లోపలికి పంపింది. ఈసారి కంట్రోలు గదికి ఫోను చెయ్యలేదు. నిబంధన లేకపోయినా సరే, పాత రోజుల్లో అయితే ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉండేదని ఒకామె అంది.

ఆసుపత్రిలో నూకరత్నం గొంతు గాలి పోయిన తిత్తిలా ఉంది. వకుళ మంచం పక్కన కూర్చుంది.

"ఈసారి వాసన వచ్చిందా, రత్నంగారూ?"

"వచ్చినట్టే ఉందండి. కితంసారీ అలాగే అనిపించింది కదా, అది తప్పని తేలింది కదా అనుకున్నానండి." ఊపిరి కోసం ఆగింది. "పని ఆపితే పిల్లల కూలి పోద్ది. నా పాడుముక్కు కోసం ఎందుకని..."

అక్కడితో ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది.

వకుళ విశాఖకు తిరిగి వచ్చేసరికి గాలితెర మీద కేసు పసుపురంగులో ఎదురుచూస్తోంది. ఈసారి వ్యయదర్శి పని ఇంకా తేలికైంది. ఒకసారి ఒప్పుకున్న మనిషే మళ్ళీ అదే తప్పు చేసింది కాబట్టి ఆమె సమ్మతి కూడా అక్కర్లేదు. నేరం నూకరత్నానిది. బీమా చెల్లిస్తుంది, లోవలక్ష్మి కుటుంబం తీసుకుంటుంది, నూకరత్నం జైలుకు వెళుతుంది. కావలసిందల్లా వకుళ తల ఊపడం.

వర్మ స్వయంగా ఆమె గదికి వచ్చి కూర్చున్నాడు. ఆయన స్వరం మెత్తగానే ఉంది. ఆమె బాధ తనకు అర్థమైందని, నూకరత్నానికి మంచి వైద్యం చేయిద్దామని, శిక్ష తగ్గేలా చూద్దామని అన్నాడు. చట్టం ప్రకారం న్యాయవిభాగం అధిపతి ఒకసారి కాదంటే కేసు మళ్ళీ యంత్రం చేతికి రాదు, కోర్టులోనే తేలాలి. ఆ మాట ఇంతవరకు ఎవరూ అనలేదని గుర్తుచేశాడు. వాదించడానికి బయట వకీలు దొరకడమే కష్టం, దొరికినా ఎంత అడుగుతాడో దేవుడికే తెలియాలి.

"తప్పు ఆవిడది కాకపోతే మనదవుతుంది, వకుళగారూ. కంపెనీలో వేలమంది తింటున్నారు."

"గోడముక్కులు ఇంకా నీలంగానే వెలుగుతున్నాయి సార్," అంది వకుళ. "వాటికింద కూడా వేలమందే ఉన్నారు."

గాలితెర వైపు తిరిగి, సమ్మతించడం లేదని స్పష్టంగా చెప్పింది. ఆ మాట ఎలా తీసుకోవాలో తెలియనట్టు వ్యయదర్శి కొద్దిసేపు తడబడింది. తరవాత పసుపురంగు ఎరుపైంది. సాయంత్రానికల్లా ఆమె ఉద్యోగం పోయింది.

కాకినాడ కోర్టులో ఆ విచారణ చూడటానికి జనం వచ్చారు. ఉప్పాడ నుంచి ఆడవాళ్ళు పని మానుకుని వచ్చి వెనక బల్లల మీద కూర్చున్నారు. కంపెనీ ఎక్కడినుంచో పదవీ విరమణ చేసిన పాత న్యాయవాదిని పట్టుకొచ్చింది. ఆయన నల్లకోటు భుజాల దగ్గర వెలిసిపోయింది గాని మాట పదునుగానే ఉంది. న్యాయమూర్తి నడివయస్కుడు. యంత్రసంధులకు ముద్ర వేయడమే తప్ప సాక్షిని ఎదురుగా నిలబెట్టి ప్రశ్న అడిగిన అనుభవం ఆయనకు లేదు. మాటిమాటికీ విధుల పుస్తకం తిప్పి చూసుకుంటున్నాడు.

ముందు వకుళ బోనెక్కింది. మొదటి ప్రమాదం నాటి ఫోనులో తను విన్న గొంతు గురించి, తనే వెళ్ళి ఆ మనిషిచేత కాదనిపించిన సంగతి గురించి దాచకుండా చెప్పింది. పాత న్యాయవాది లేచి, చెరిగిపోయిన మాటలను విన్నానని ఉద్యోగం పోయిన మనిషి చెబుతున్నదని ఒక్క ముక్కలో కొట్టేశాడు. వాసన వచ్చిందో లేదో ఆ ముక్కున్న మనిషే చెప్పాలన్నాడు. న్యాయమూర్తి పుస్తకం చూసి, అది నిజమేనన్నాడు.

నూకరత్నాన్ని ఇద్దరు పట్టుకుని బోనులోకి తీసుకొచ్చారు. కటకటాలను వంకర వేళ్ళతో పట్టుకుని నిలబడింది. రెండు ప్రమాదాలూ, గోడముక్కుల లోపమూ, ఆమె జైలుకు వెళ్ళడమూ మానడమూ ఇప్పుడు ఒక్క జవాబు మీద ఉన్నాయి. వచ్చిందని ఆమె అంటే చాలు. వెనక బల్లల మీద ఆడవాళ్ళు కదలకుండా కూర్చున్నారు.

న్యాయమూర్తి పుస్తకం మూసేసి, తన సొంత మాటల్లో అడిగాడు. "అమ్మా, మొదటిసారి గొట్టం పగిలిన రోజున, అది పగలకముందు, మీకు వాసన వచ్చిందా?"

నూకరత్నం కళ్ళు మూసుకుంది. గాలి లోపలికి పీల్చింది, దగ్గు వచ్చి ఆగింది. ఆ రోజును వెతుక్కుంటున్నట్టు ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"అబద్దం సెప్పి పాపం మూటగట్టుకోలేనండి," అంది చివరికి. "ఆ రోజు వచ్చిందని సెప్పేను. తరవాత రాలేదని సెప్పేను. రెండూ ఈ నోటితోనే సెప్పేనండి. రాలేదన్న మాటే రోజూ అనుకున్నాను, లోవలక్ష్మి పోయేదాకా. ఇప్పుడు ఎంత తలుసుకున్నా ఏది నిజమో నాకు తెలవటం లేదు."

నూకరత్నం కళ్ళు తెరిచి, జనంలో ఎవరికోసమో వెతికింది. వకుళ కనిపించింది. కంపెనీ మనిషిని అడిగినట్టు కాక, ఇంట్లో మనిషిని అడిగినట్టు అడిగింది.

"మీరు ఇన్నారు కదమ్మా. ఆ రోజు నాకు వాసన వచ్చిందా?"

వకుళ లేచి నిలబడింది. సాక్షికి జవాబు అందించకూడదని న్యాయమూర్తి చెయ్యెత్తి ఆమెను ఆపాడు.