సాబిర్ సెలూన్, అన్వరీ హోటల్

విడవకుండా పట్టిన ముసురు ఆ పొద్దున తెరిపిచ్చింది. మెదక్ పాత బజారులో సాబిర్ తన సెలూన్ షట్టర్ ఎత్తబోతుంటే, కూతురు అఫ్షా వచ్చి అడ్డంగా నిలబడింది.

“అబ్బా, దూలం నిన్నటికన్నా కిందికి దిగింది. ఇయ్యాల తెరవకు.”

“నువ్వు పుట్టకముందు నుంచే అది గట్లున్నది. జరుగు.”

ఒకే మిద్దె కింద ఎడమవైపు సెలూన్, కుడివైపు హోటల్. సాబిర్ తండ్రి కట్టించాడు. కటింగుకు వచ్చినవాళ్లు చాయ్ అడుగుతుంటే, సాబిర్ తల్లి పక్క గదిలో పొయ్యి పెట్టింది. ఆ పొయ్యే హోటలైంది. అత్త పోయాక సాబిర్ భార్య అన్వరీ నడుపుతోంది. ఆమె చేసే ఖిచిడీ, ఖీమా కోసం నర్సాపూర్ బస్సు దిగినవాళ్లు నేరుగా అక్కడికే వస్తారు.

“మా అబ్బా పానం పెట్టి కట్టిండు. తాళం ఏయమంటవా?” సాబిర్ గొంతు లేచింది.

“దాదా కట్టింది మనం బతకనీకి, అబ్బా. మీద పడి సావనీకి కాదు!” అఫ్షా ఏడ్చేసింది.

ఆ కేకలకు అప్పటికే తెరిచిన హోటల్లోంచి అన్వరీ బయటికొచ్చింది. భర్తకు ఏనాడూ ఎదురుచెప్పని మనిషి, వెళ్లి పొయ్యి ఆర్పేసి, తింటున్నవాళ్లను ప్లేట్లతో సహా రోడ్డు దాటించింది.

“బిడ్డ చెప్పింది నిజమే. నాకూ రోజూ భయమే. చెప్పనీకి నోరు రాలే.”

సాబిర్ మొహం మాడ్చుకున్నాడు. గడ్డం గీయించుకోను వచ్చిన పెద్దాయన, చర్చిలో పనిచేసే ఆశీర్వాదం, సర్దిచెప్పాడు. “కుర్చీ బయటెయ్యి సాబిర్. నాకు యాడైతేంది?”

సాబిర్ షట్టర్ ఎత్తి, విసురుగా కుర్చీ, సామాన్ల పెట్టె తెచ్చి రోడ్డు అవతల వేశాడు. ఒక చెంప గీశాడో లేదో, వెనక ఫెళ్లుమంది. దూలం విరిగి మిద్దంతా లోపలికి కూలింది. దుమ్ములో ఎవరెక్కడున్నారో కనిపించలేదు.

“అన్వరీ! అఫ్షా!” కత్తి పారేసి పరుగెత్తాడు. తల్లీకూతుళ్లు దగ్గుకుంటూ ఎదురొచ్చారు. ఇద్దరినీ పొదువుకుని, నడిబజారని కూడా చూడకుండా వెక్కివెక్కి ఏడ్చాడు.

“మిద్దె పాయె గదా...” అంది అన్వరీ.

“పోనీ. మీరున్నరు. బేటీ, నీ మాట ఇనకపోతే ఏమైతుంటినో!”

“మీ అబ్బా గూడ గీ రోడ్డు పక్కన్నే కుర్చీ ఏస్కొని షురూ చేసిండు” అన్నాడు ఆశీర్వాదం. “మిద్దె తర్వాత వచ్చింది.”

సాబిర్ ఆ సంగతి చిన్నప్పటి నుంచీ విన్నదే. ఇవాళే మనసుకెక్కింది.

“రేకులేసి మళ్ల మొదలువెడ్దం, అబ్బా.”

“నువ్వెట్లంటే గట్ల.”

అన్వరీ పక్కింట్లో అడిగి చాయ్ పెట్టుకొచ్చింది. సాబిర్ కళ్లు తుడుచుకుని, కొత్త బ్లేడు వేసి, రెండో చెంపకు సబ్బు రాశాడు. చేతులింకా వణుకుతున్నాయి.

“జర ఆగు” అన్నాడు ఆశీర్వాదం భయంగా. “చాయ్ తాగినంక గీద్దువు.”

ఏడుస్తూనే తండ్రీ, తల్లీ, కూతురూ నవ్వేశారు.