వాసనపెట్టె చూపిన ఇల్లు

"ఇక్కడా పచ్చ దీపమే," అన్నాడు సదానందం, మ్యాన్‌హోల్‌లోంచి గొట్టం పైకి లాగుతూ.

మస్తాన్‌బీకి పోయిన ప్రాణం లేచివచ్చింది. ఆ మురుగు ఆమె ఇంటిది. అందులో టైఫాయిడ్ బాక్టీరియా ఉంటే ఆమె మజ్జిగ వ్యాపారం అంతటితో సరి. ఆ వేసవిలో సాగరపురంలో చలివేంద్రం తెరిచిన ప్రతి పేటలోనూ టైఫాయిడ్ వచ్చింది. అన్నిచోట్లా మజ్జిగ ఆమెదే. హెల్త్ డైరెక్టర్ డాక్టర్ వకుళాదేవి వెంటనే ఆమె దుకాణానికి సీలు వేయించింది. ఇప్పుడు మ్యాన్‌హోల్ పక్కనే నిలబడి దగ్గరుండి పరీక్ష చేయిస్తోంది.

వకుళాదేవి సామాన్యురాలు కాదు. కొండ ఊళ్ళలో చిన్న డాక్టరుగా మొదలై, కలరాను తరిమి, దోమలను తరిమి, అడ్డొచ్చిన కార్పొరేటర్లను కూడా తరిమి ఆ కుర్చీ ఎక్కింది. ఆమె రిబ్బను కత్తిరించందే నగరంలో చలివేంద్రం తెరుచుకోదు.

ఇక సదానందం తయారుచేసిన డ్రెయిన్ సీక్వెన్సర్. జనం దాన్ని వాసనపెట్టె అంటారు. మురుగులోని బాక్టీరియా జన్యువులను అది అక్షరాల్లా చదువుతుంది. వెతుకుతున్న బాక్టీరియా కనబడితే ఎర్ర దీపం వెలుగుతుంది. రోగులందరూ కోలుకున్నా పెద్ద కాలువలో మాత్రం ఎరుపు ఆరలేదు. అంటే ఎవరో జబ్బు లేకుండానే బాక్టీరియాను మోస్తున్నారు. ఎరుపు వెంట ఎగువకు నడిస్తే ఆ మనిషి ఇల్లు దొరుకుతుంది.

"నాది కాదని తేలిందిగా. మరి ఎవరిదో నేనూ చూడాల. నన్ను దొంగను చూసినట్టు చూశారు అందరూ," అని మస్తాన్‌బీ కూడా బయలుదేరింది.

ముగ్గురూ నడిచారు. ఎరుపు బజారు దాటింది, ఆఫీసర్ల కాలనీలోకి తిరిగింది, ఆఖరి గేటు ముందు ఆగింది. ఆ ఇంట్లో ఉండేది ఒక్కరే, వకుళాదేవి.

"యంత్రం పొరబడి ఉంటుంది మేడమ్," అని నసిగాడు సదానందం.

"ఆమె ఇంటి ముందు పొరబడనిది నా ఇంటి ముందు పొరబడుతుందా? ల్యాబ్‌కి పదండి."

పరీక్షలోనూ అదే తేలింది. ఎప్పుడో కొండల్లో ఆమెకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. కొన్ని బాక్టీరియాలు మాత్రం పిత్తాశయంలో దాక్కుని, ఆమెకు ఏ హానీ చేయకుండా కాపురం పెట్టాయి. ఆమేమో ప్రతి ప్రారంభోత్సవంలోనూ ఫొటోగ్రాఫర్లు తొందరపెడుతూ కేకలేస్తుంటే, చేతుల మీద రెండు చుక్కల నీళ్ళు చిలకరించుకుని, మజ్జిగలో కొత్తిమీర తన చేత్తోనే నలిపి వేసేది.

వకుళాదేవి సిగ్గుతో చచ్చిపోయింది. తర్వాత పెద్దగా ఊపిరి వదిలింది. "హమ్మయ్య, దొరికింది. కొన్నాళ్ళు మందులు వాడతాను. లొంగకపోతే పిత్తాశయం తీయించేసుకుంటాను. ఇంక ఎవరి పిల్లలకూ నా వల్ల జ్వరం రాదు."

"మరి నా దుకాణమో?" అంది మస్తాన్‌బీ.

"ఈ పూటే తెరుస్తాం. తప్పు నాదని మైకులో నేనే చెప్తాను."

"ఉద్యోగం పోతుంది మేడమ్," అన్నాడు సదానందం.

"పోతే పోనీయండి. ఈవిడ పరువు తీసింది నేనే కదా."

అన్నంత పనీ చేసింది. దుకాణం ముందు నిలబడి, ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. జనం దగ్గరగా మూగారు. రాళ్ళు పడతాయేమోనని సదానందం వాసనపెట్టెను ఒళ్ళోకి లాక్కున్నాడు.

చప్పట్లు పడ్డాయి. "ఇంత నిజాయితీ ఎక్కడైనా చూశామా!" అన్నారొకరు. "దేవత!" అన్నారింకొకరు. జ్వరం వచ్చి తగ్గినవాళ్ళు కూడా ముందుకు తోసుకొచ్చారు. ఒక ముసలాయన ఖాళీ గ్లాసు చాపి, "నీ చేత్తోనే పొయ్యి తల్లీ, ఇంకెవరు పోసినా తాగను," అన్నాడు. ఆయన వెనక బారులు తీరిపోయారు.

వకుళాదేవి చేతులు రెండూ వీపు వెనక దాచుకుని వెనక్కి వెనక్కి నడిచింది. మస్తాన్‌బీ గరిటె పట్టుకుని ఆమెకూ జనానికీ మధ్య అడ్డంగా నిలబడింది.

"దండం పెట్టుకోవాలంటే ఆవిడకి పెట్టుకోండి," అని అరిచింది. "మజ్జిగ కావాలంటే మాత్రం నా కాడికి రండి."